చిన్న సెలయేళ్లలో ట్రౌట్‌కు తేలికపాటి ఫ్లై రాడ్: ఏ నంబరు, ఎంత పొడవు?

హంద్రీ ఒడ్డు (కర్నూలు), జనవరి 9

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లుగా కె.సి. కెనాల్ గట్టున, సుంకేసుల బ్యారేజీ దిగువన గాలం వేస్తున్నవాణ్ణి. కొర్రమీనుకు కప్పపిల్లను గుచ్చడం, పరిగెలకు పిండి ఉండ పెట్టడం తప్ప వేరే విద్య ఎరగను. మా అల్లుడికి హిమాచల్‌లోని కులూకు బదిలీ అయింది. ఏప్రిల్‌లో అమ్మాయి దగ్గర పది రోజులు ఉండడానికి వెళ్తున్నాం. అక్కడికి దగ్గరలోని తీర్థన్ నదిలోనూ, దానిలోకి దిగే చిన్న వాగుల్లోనూ ట్రౌట్ చేప ఉంటుందనీ, మత్స్యశాఖ దగ్గర లైసెన్సు తీసుకుని గాలం వేయవచ్చనీ అల్లుడు చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

దానికి ఫ్లై రాడ్ అనే, పురుగులాంటి తేలిక ఎరను విసిరే కర్ర కావాలట. ఎవరిని అడిగినా తొమ్మిది అడుగుల 5వ నంబరుది కొనమంటున్నారు. అల్లుడు పంపిన వీడియోలో వాగు వెడల్పు పన్నెండు, పదిహేను అడుగులకు మించి లేదు. రెండు గట్ల మీది చెట్లూ నీటి మీదికి వంగి పందిరి వేసినట్టు ఉన్నాయి. అటువంటి చోట తొమ్మిది అడుగుల రాడ్ పట్టుకుని తిరగడం ఇరుకు సందులో నిచ్చెన మోసుకుపోవడం లాగే ఉంటుందని నా అనుమానం. ఏడున్నర అడుగుల 3వ నంబరు రాడ్ ఒకటి చూశాను. నాలుగు ముక్కలుగా విడిపోతుంది కనుక రైల్లో బెర్తు కింద పడుతుంది. నేను కొనగలిగింది ఒక్కటే. తెలిసినవారు నిదానంగా చెప్పండి.

చిత్రావతి (అనంతపురం), జనవరి 9

హంద్రీ ఒడ్డు గారూ, ఏది కొనాలనే దానికంటే ముందు ఆ 3, 5 అనే అంకెలు దేన్ని చెబుతున్నాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. అవి రాడ్ బరువు కాదు, అది మోసే దారం బరువు. మన గాలంలో సీసపు గుండు ముందు పోతుంది, తంగూసు దాని వెంట పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువే ఉండదు. కొక్కేనికి కోడి ఈక, నూలుపోగు చుట్టి పురుగు రూపం తెచ్చిన ఆ ఫ్లై చిటికెడు దూది కంటే తేలికగా ఉంటుంది. అందువల్ల బరువును దారంలోనే పెట్టారు. కొరడాను ఝళిపించినట్టు దారాన్ని విసిరితే, దాని వెంట ఫ్లై పోతుంది.

ప్రమాణం ప్రకారం దారపు మొదటి 30 అడుగులు తూచితే 3వ నంబరుకు 100 గ్రెయిన్లు, 4వ నంబరుకు 120, 5వ నంబరుకు 140 ఉండాలి. మన లెక్కలో ఇవి వరుసగా సుమారు ఆరున్నర, ఏడున్నర పైచిలుకు, తొమ్మిది గ్రాములు. రాడ్ మీద 3 అని ఉందంటే, ఆ నంబరు దారం 30 అడుగులు గాలిలో ఉన్నప్పుడు అది చక్కగా వంగుతుందని అర్థం.

తిరకాసంతా ఆ 30 అడుగుల్లోనే ఉంది. మీరు చెప్పిన వాగులో రాడ్ కొస నుంచి చేప దాకా ఇరవై అడుగులు ఉంటే గొప్ప. అందులో ఏడున్నర అడుగులు ఫ్లైకి ముందు కట్టే సన్నని నైలాన్ దారానికే పోతాయి. అంటే కొస దాటి బయట ఉండే అసలు దారం పన్నెండు అడుగులు. దారం ముందు భాగం సన్నగా చెక్కినట్టు ఉంటుంది కనుక, 3వ నంబరులో ఆ పన్నెండు అడుగుల బరువు రెండున్నర గ్రాములు కూడా ఉండదు. ఆ బరువుకు వంగే రాడే మీకు కావాలి. తొమ్మిది అడుగుల 5వ నంబరు రాడ్ అంత కొంచెం దారానికి కదలనే కదలదు, పెళ్లిపందిరి గుంజకు నూలు కట్టి విసిరినట్టే ఉంటుంది. నేను తీర్థన్‌కు మొదటిసారి వెళ్లినప్పుడు అటువంటి గుంజనే మోసుకెళ్లాను. పెద్ద నదిలో బాగానే పనికి వచ్చింది కానీ, పక్క వాగులోకి వెళ్లాక ఉదయమంతా చెట్ల కొమ్మల నుంచి ఫ్లైలు ఊడదీసుకోవడంతోనే సరిపోయింది.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు), జనవరి 10

చిత్రావతి గారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ పొట్టి రాడ్ అనగానే అందరూ చెట్ల కొమ్మల గురించే ఆలోచిస్తారు, నీటి సంగతి మరిచిపోతారు. కొండవాగు నీరు ఒకే వేగంతో పారదు. మీకూ చేపకూ మధ్య ఒక జోరు పాయ, ఒక మందపు పాయ, రాళ్ల వెనక ఒక సుడి ఉంటాయి. దారం జోరు పాయ మీద పడిందంటే అది ఫ్లైని లాక్కుపోతుంది. నీటి మీద గీత గీసుకుంటూ పరిగెత్తే పురుగును ట్రౌట్ చూసి కూడా ముట్టదు. రాడ్ పొడవుగా ఉంటే చేయి ఎత్తి, దారమంతా నీటికి అంటకుండా పట్టుకుని, ఫ్లైని మాత్రమే నీటి మీద ఉంచవచ్చు. ఈ ఈడ్పు సమస్యకు ఒక్క అడుగు ఎక్కువ పొడవు ఎంతో ఉపకారం చేస్తుంది.

కనుక నా సలహా ఎనిమిదిన్నర అడుగుల 4వ నంబరు. పెద్ద నదిలోనూ పనికి వస్తుంది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు), జనవరి 10

పెన్నా తీరం గారూ, మీ మాట తీసివేయదగినది కాదు. అయితే నాకు మోకాళ్ల నొప్పి ఉంది. పెద్ద నదిలోకి దిగి జోరు నీటిలో నిలబడే ఓపిక లేదు. నేను తిరగబోయేది చిన్న వాగులే.

గాజులదిన్నె (ఎమ్మిగనూరు), జనవరి 11

ఇంత లెక్క ఎందుకో నాకు అర్థం కాలేదు. జపాన్‌లో టెన్కారా అనే పద్ధతి ఉంది. కొండవాగుల్లో ట్రౌట్ జాతి చేపల కోసమే పుట్టిన విద్య అది. రీలు ఉండదు, రాడ్‌కు దారం దూరే వలయాలు ఉండవు. పదకొండు, పన్నెండు అడుగుల కర్ర కొసకు సుమారు అంతే పొడవు దారం ముడివేసి, దాని చివర ఫ్లై కడతారు. మా అవ్వ హంద్రీలో పరిగెలకు పట్టిన వెదురు గాలానికీ దానికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను. ఇప్పుడు అదే కర్ర కార్బన్‌తో, ఒకదానిలో ఒకటి దూరి రెండడుగులకు కుదించుకుపోయేలా వస్తోంది. పెన్నా తీరం గారు చెప్పిన ఈడ్పు సమస్యకు దానికి మించిన మందు లేదు.

చిత్రావతి (అనంతపురం), జనవరి 11

గాజులదిన్నె గారి మాట నూటికి నూరుపాళ్లు నిజమే, పైన ఆకాశం కనిపించే వాగుల్లో. పన్నెండు అడుగుల కర్రను చెట్ల పందిరి కింద నిలువుగా ఎత్తలేము. చేపను ఒడ్డుకు తెచ్చేటప్పుడు చుట్టుకోవడానికి రీలు లేదు కనుక కర్రను వెనక్కి వాల్చి దారాన్ని చేతితో అందుకోవాలి, దానికి వెనకాల చోటు కావాలి. ఆ వీడియోలోని వాగు అటువంటిది కాదని అనిపిస్తోంది.

ఇక వంపు గురించి చెప్పడం మరిచాను. రాడ్లు మూడు రకాలుగా వంగుతాయి. కొన్నింటిలో కొస మాత్రమే వంగుతుంది, అవి దూరపు విసురుకు, ఎదురుగాలికి. కొన్ని పిడి దాకా నిలువెల్లా వంగుతాయి. మధ్యరకం సగం దాకా వంగుతుంది. దుకాణదారులు మొదటి రకాన్ని ఎక్కువగా పొగుడుతారు, ఎందుకంటే దుకాణం ముందు ఖాళీ స్థలంలో అరవై అడుగులు విసిరి చూపించడానికి అదే బాగుంటుంది. మీకు కావలసింది మధ్యరకం లేదా నిలువెల్లా వంగేది. పన్నెండు అడుగుల దారానికే అది వంగుతుంది. పైగా ఆ వాగుల్లో ట్రౌట్ సాధారణంగా జానెడు నుంచి జానెడున్నర దాకా ఉంటుంది. సన్నని దారం తెగకుండా కాపాడేది రాడ్ మెత్తదనమే.

ఇంకొక చిట్కా. పొట్టి విసుర్లకు రాడ్ నంబరు కంటే ఒక నంబరు బరువైన దారం ఎక్కించుకునేవారు ఉన్నారు. 3వ నంబరు రాడ్‌కు 4వ నంబరు దారం వేస్తే, తక్కువ పొడవులోనే రాడ్ వంగడానికి చాలినంత బరువు వస్తుంది. మా అనంతపురంలో సాధన చేయాలన్నా అది అవసరమే. ఆషాఢం గాలిలో 3వ నంబరు దారం విసిరితే అది వెనక్కి వచ్చి విసిరినవాడి చెవికే తగులుకుంటుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు.

మేదర బిడ్డ (నంద్యాల), జనవరి 13

రాడ్ దేనితో చేశారన్న మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. మాది తరతరాలుగా వెదురు పని చేసిన ఇల్లు కనుక నాకు తెలిసినంత చెబుతాను.

కార్బన్ రాకముందు, గాజు నార (ఫైబర్‌గ్లాస్) రాకముందు, ఫ్లై రాడ్‌ను వెదురుతోనే చేసేవారు. బొంగును అలాగే వాడరు. నిలువునా బద్దలుగా చీల్చి, ఒక్కొక్క బద్దను ముక్కోణంగా చెక్కి, అటువంటి ఆరింటిని జిగురుతో అతికిస్తారు. అడ్డంగా కోస్తే ఆరు పలకల కడ్డీ కనిపిస్తుంది. బలమంతా వెదురు పై పెచ్చుకు ఆనుకుని ఉన్న నారలోనే ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ మెత్తన. అందువల్ల బద్దను లోపలి వైపు నుంచే చెక్కాలి, పై పెచ్చుకు కత్తి తగలకూడదు. మా నాయన చాట అల్లడానికి బద్ద తీసేటప్పుడు కత్తిని కదిలించేవాడు కాదు. కత్తిని మోకాలికి ఆనించి, ఎడమచేతి బొటనవేలితో బద్దను నొక్కిపట్టి, వెదురునే కత్తి మీదుగా లాగేవాడు. కణుపు దగ్గరికి రాగానే చేయి ఒక్క క్షణం ఆగేది, ఎందుకంటే నార అక్కడ వంకర తిరుగుతుంది, తొందరపడితే బద్ద పక్కకు చీలిపోతుంది. రాడ్ చేసేవారిని ఏడిపించేదీ ఆ కణుపే.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ రాడ్లకు మన దేశపు వెదురే వెళ్లేది. కలకత్తా రేవు నుంచి ఎగుమతి అయ్యేది కనుక దానికి కలకత్తా కేన్ అని పేరు. నల్లమలలో పెరిగే మన సాధనపు వెదురు ఆ జాతిదే. తరువాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టాంకిన్ వెదురు దాన్ని పక్కకు నెట్టింది. 1950లో అమెరికా చైనా సరుకును నిషేధించడంతో ఆ వెదురు అందకుండా పోయి, గాజు నార రాడ్లకు గిరాకీ పెరిగింది. 1973లో అమెరికాలోని ఫెన్విక్ సంస్థ కార్బన్ రాడ్లను మార్కెట్‌లోకి తెచ్చింది.

మీ పనికి వచ్చే మాట ఏమిటంటే, చిన్న వాగులకు గాజు నారను పాతబడిన వస్తువని తీసివేయకండి. అదే పొడవు కార్బన్ కంటే కొంచెం బరువు ఉంటుంది, నిదానంగా, నిలువెల్లా వంగుతుంది. రాళ్లకు తగిలినా కార్బన్ అంత సులువుగా విరగదు. ఏడు అడుగులు దాటితే మాత్రం కొస బరువు మణికట్టుకు తెలుస్తుంది. వెదురు రాడ్ ఖరీదు వింటే గుండె ఆగుతుంది, దాని సంగతి వదిలేయండి.

పాత లైన్‌మన్ (ఆదోని), జనవరి 13

ఉద్యోగ విరమణ చేసినా నోరు ఊరుకోదు కనుక ఒక మాట. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. వెదురు కర్ర అలవాటుతో మీరు ఈ సంగతి మరిచిపోతారు. మన కాలువ గట్ల మీద మోటార్లకు పోయే తీగలు చాలాచోట్ల వేలాడుతూ ఉంటాయి. రాడ్‌ను గట్టు మీద సాధన చేయబోయే ముందు తల ఎత్తి చూడండి. తీగకు తగలనవసరం లేదు, హైటెన్షన్ లైన్‌కు చాలా దగ్గరగా వెళ్లినా ప్రమాదమే. ఉరుము వినిపిస్తే కింద పెట్టేయండి.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు), జనవరి 16

ఒక వింత చెప్పాలి. ఈ చర్చ చదివాక నా పాత 3వ నంబరు దారం మీద అనుమానం వచ్చింది. రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో కొన్నది. నా రాడ్‌కు ఎప్పుడూ బరువుగానే తోచేది, నా విసురులోనే లోపం అనుకుని సరిపెట్టుకున్నాను. మా ఊళ్లో తూకానికి కరువు లేదు కదా, బంగారం అంగడిలో పనిచేసే మిత్రుడి దగ్గరికి పట్టుకెళ్లాను. 30 అడుగులు కొలిచి, అక్కడ దారానికి పసుపు పూసి, ఆ మేరకు చుట్టచుట్టి తక్కెడ పళ్లెంలో పెట్టాడు. మిగతా దారం బరువు పడకుండా నేను చేత్తో ఎత్తి పట్టుకున్నాను. సూది 8.1 గ్రాముల దగ్గర ఆగింది. పక్కన గాజులు తూయించుకోవడానికి వచ్చిన అమ్మ ఇదేం నగ అని అడిగింది.

చిత్రావతి గారి లెక్క ప్రకారం 8.1 గ్రాములంటే 125 గ్రెయిన్లు. 3వ నంబరు దారం 106 గ్రెయిన్లకు మించకూడదు. అంటే డబ్బా మీద 3 అని రాసి, లోపల 4 పెట్టారన్నమాట. అమ్మినవారికి రాస్తే సమాధానం లేదు. ఇప్పటి రాడ్లు గట్టిగా ఉంటున్నాయని కొందరు తయారీదారులు కావాలనే దారాన్ని బరువు చేస్తారట. అలాంటప్పుడు ఆ మాట డబ్బా మీద రాయాలి కదా.

హంద్రీ ఒడ్డు గారూ, మీరు 3వ నంబరు రాడ్ కొంటే ఈ దారం మీకే సరిగ్గా సరిపోతుంది. నా దగ్గర వృథాగా పడి ఉంది. ఆర్టీసీ కార్గోలో వేస్తాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు), జనవరి 30

మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు. దారం అందింది. పసుపు మరక కూడా అలాగే ఉంది.

మా తమ్ముడి మిత్రుడు బెంగళూరులో ఈ విద్యలో ఉన్నాడు. ఆయన దగ్గర రెండు రాడ్లూ విసిరి చూసే అవకాశం దొరికింది. ఇంటి వెనక పార్కులో నేల మీద రాడ్ కొస నుంచి ఇరవై అడుగుల దూరంలో ఒక స్టీలు పళ్లెం పెట్టి, కొక్కెం బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టి విసిరాను. తొమ్మిది అడుగుల 5వ నంబరుతో ఉన్ని ప్రతిసారీ పళ్లెం దాటి పోయింది. దారం బరువు చేతికి తెలియక నేనే బలం పెట్టి తోశాను. ఏడున్నర అడుగుల 3వ నంబరు మధ్యరకం వంపు రాడ్‌కు ఈ దారం ఎక్కించి విసిరితే, వెనక్కి తీసినప్పుడు దారం చాచుకోగానే పిడిలో చిన్న గుంజు తగిలింది. ఆ గుంజు కోసం ఆగి ముందుకు తోయాలట. ఆరోసారికి ఉన్ని పళ్లెంలో పడింది. ఇన్నాళ్లూ మీరు రాసిన గ్రాముల లెక్క ఆ క్షణంలో చేతికి అర్థమయింది.

అటువంటి రాడే తీసుకున్నాను. పిడి పైన 763-4 అని రాసి ఉంది. ఏడు అడుగుల ఆరు అంగుళాలు, 3వ నంబరు, నాలుగు ముక్కలు అని చదవాలట. కొనేవారికి పనికి వస్తుందని రాస్తున్నాను.

గార్గేయపురం చెరువులో సాధన చేద్దామనుకున్నాను. చేపల హక్కు పాటలో తీసుకున్న మత్స్యకారుల సంఘం పెద్దను అడిగితే, జిలేబీలు పట్టుకుంటే తమకు అభ్యంతరం లేదనీ, బొచ్చె, శీలావతి పడితే వదిలేయాలనీ చెప్పాడు. తిలాపియాను అక్కడ జిలేబి అంటారు. అది ఫ్లైని ఇంత ఆత్రంగా పట్టుకుంటుందని నాకు తెలియదు.

నిర్వాహకుడు, జనవరి 31

సాధన కోసం నల్లమల అడవిలోని వాగుల గురించి ఇద్దరు ప్రైవేటుగా అడిగారు. అది పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం, గాలం సంగతి తరువాత. ఆ విషయం ఈ వేదికలో చర్చించవద్దు.

చిత్రావతి (అనంతపురం), ఫిబ్రవరి 2

హంద్రీ ఒడ్డు గారూ, మంచి పని చేశారు. ఇక మూడు చిన్న విషయాలు. రీలు కోసం డబ్బు పోయకండి. జానెడు చేపకు రీలు దారం దాచుకునే డబ్బా మాత్రమే. రాడ్‌కు తగిన తేలికపాటిది చాలు. ఫ్లైకి కట్టే సన్నదారం 5ఎక్స్ తీసుకోండి. 11 నుంచి ఆ అంకె తీసివేస్తే వచ్చేది అంగుళంలో వెయ్యో వంతుల్లో దారం మందం. అంటే 5ఎక్స్‌కు 6, మన లెక్కలో 0.15 మిల్లీమీటర్లు. చెట్ల కింద వెనక్కి విసరడానికి వీలు లేనప్పుడు దారాన్ని నీటి మీదే ఉంచి, రాడ్‌ను చెవి దాకా నిదానంగా లేపి, ఒక్కసారి ముందుకు కొట్టండి. దారం చక్రంలా దొర్లుకుంటూ పోతుంది. దీన్ని రోల్ కాస్ట్ అంటారు. ఆ వాగులో మీరు వేసే వాటిలో సగం ఇవే అవుతాయి.

ఫిబ్రవరి ఆఖరు దాకా హిమాచల్‌లో ట్రౌట్‌కు నిషేధ కాలం. నవంబరు నుంచి అవి గుడ్లు పెట్టే సమయం. మీది ఏప్రిల్ కనుక ఇబ్బంది లేదు. ఎండ ముదిరి మంచు కరిగి నీరు బురదబారక ముందే మీరు వెళ్తున్నారు.

మేదర బిడ్డ (నంద్యాల), ఫిబ్రవరి 2

నాలుగు ముక్కల రాడ్‌కు మూడు అతుకులు. ఒక్కొక్క అతుకుకూ కొవ్వొత్తి మైనం పలచగా రుద్దండి. బిగించేటప్పుడు వలయాలను పావు మలుపు పక్కకు పెట్టి, తిప్పుతూ వరుసకు తీసుకురండి. అతుకులు సడలాయేమో గంటకోసారి చేతితో తడిమి చూసుకోండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు), ఏప్రిల్ 19

నిన్ననే సంపర్క్ క్రాంతిలో కర్నూలులో దిగాను. మా ఆవిడ అమ్మాయి ఇంటి కబుర్లు చెప్పడం పూర్తి కాకముందే ఇది రాస్తున్నాను.

వాగు వీడియోలో చూసినదాని కంటే ఇరుకుగా ఉంది. నీటిలో చేయి పెడితే ఎముక దాకా కొరికింది. మన కాలువ నీళ్లలో ట్రౌట్ ఎందుకు బతకదో అప్పుడు బోధపడింది. మొదటి రోజు ఉదయమంతా ఒక్కటీ పడలేదు. తప్పు రాడ్‌ది కాదు. నేను కొర్రమీనుకు నిలబడినట్టు గట్టు మీద నిటారుగా నిలబడ్డాను, నా నీడ నీటి మీద పడింది. మధ్యాహ్నం మోకాళ్ల నొప్పిని తిట్టుకుంటూనే ఒక బండ వెనక కూర్చున్నాను. పైన కొమ్మలు నా టోపీకి తగులుతున్నాయి. రాడ్‌ను పక్కకు వాల్చి రోల్ కాస్ట్ వేస్తే, ఎదుటి రాయి పక్కన తెల్లని నురుగు ఆగే చోట ఫ్లై పడింది. జోరు పాయ దారాన్ని లాగడానికి మూడు లెక్కలు పట్టింది. రెండో లెక్కకే నీరు చిట్లింది.

తొమ్మిది అంగుళాలు ఉంటుంది. పక్కల మీద ఎర్రని చుక్కలు, ఒక్కొక్క చుక్క చుట్టూ పాలిపోయిన వలయం. రాడ్ పిడి దాకా వంగి, చేప తల విదిలించిన ప్రతిసారీ అరచేతిలో కొట్టుకుంది. సుంకేసుల దగ్గర నాలుగు కిలోల వాలుగను లాగినప్పుడు కూడా నా చేతికి ఇంత కబురు అందలేదు. కొక్కేనికి ఉండే ఎదురు ముల్లును ముందే శ్రావణంతో నొక్కేశాను కనుక, నీటిలో ఉండగానే కొక్కెం జారి వచ్చింది.

పెన్నా తీరం గారు చెప్పిన ఈడ్పు నిజమే. వాగు నదిలో కలిసే చోట నా రాడ్‌కు ఒక అడుగు తక్కువయింది. ఫ్లై గీత గీసుకుంటూ పోవడం, చేప వెంటబడి చివర్లో మొగం తిప్పుకోవడం రెండు కళ్లతో చూశాను. అక్కడ ఆయన ఎనిమిదిన్నర అడుగుల రాడే కావాలి. నేను మళ్లీ వాగులోకే నడిచాను.

ఒక అవమానం కూడా చెప్పాలి. మేదర బిడ్డ గారు తడిమి చూసుకోమన్నారు, నేను రెండో రోజు సంబరంలో మరిచాను. వెనక్కి తీసి ముందుకు విసిరేసరికి పై ముక్క ఊడి, దారం వెంట జారుకుంటూ వెళ్లి ఫ్లై దగ్గర ఆగి నీటిలో మునిగింది. నిదానంగా లాగి తెచ్చుకున్నాను. విరగలేదు. పక్కనే ఉన్న మా మనవడు ఆ ఒక్క సంఘటననే ఇంటికి వెళ్లి అందరికీ నటించి చూపించాడు.

గాజులదిన్నె (ఎమ్మిగనూరు), ఏప్రిల్ 19

టోపీకి కొమ్మలు తగిలాయన్నారు కనుక టెన్కారా గురించి ఈసారికి ఊరుకుంటున్నాను.

పెన్నా తీరం (ప్రొద్దుటూరు), ఏప్రిల్ 20

నదిలో కలిసే చోటు తప్ప మిగతా అన్నిచోట్లా నా సలహా తప్పేనన్నమాట. ఒప్పుకుంటున్నాను. అక్టోబరులో మా బావమరిదితో ఊటీ పోతున్నాను. 1907లో పెట్టిన అవలాంచె ట్రౌట్ హేచరీని చూడాలని, దగ్గర్లో గాలానికి అనుమతి దొరుకుతుందేమో కనుక్కోవాలని ఉద్దేశం. హేచరీ పెట్టినప్పుడు నీలగిరీ మనదే, మద్రాసు ప్రెసిడెన్సీలో కడప జిల్లాతో పాటు ఉండేది. దొరికితే ఆ 763-4ను పది రోజులకు అరువు ఇస్తారా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు), ఏప్రిల్ 20

అడగాలా? సెప్టెంబరు ఆఖరున ఆర్టీసీ కార్గోలో వేస్తాను. గొట్టంలో మైనం ముక్క కూడా ఉంటుంది, పై అతుకుకు రుద్దడం మరవకండి. దారం మాత్రం వెనక్కి పంపనవసరం లేదు, అది ఎలాగూ మీదే. పసుపు మరక చల్లటి నీళ్లకు ఇంకా పోలేదు.